పెళ్లి వీడియోకు నోటి మాట చాలదు

తెనాలి రూరల్‌: పెళ్లిలో పప్పు మాడితే మర్నాటికి మరచిపోతారు. షామియానా చిరిగితే ఎవరికీ గుర్తుండదు. కానీ వీడియో చెడితే ఆ కొరత ఆ ఇంట ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. తాళి మళ్లీ కట్టించలేరు కదా! అయినా వంట మేస్త్రితో వంకాయ కూర నుంచి అప్పడం దాకా లెక్క రాయించుకునే పెళ్లి పెద్దలు, వీడియో తీసే వ్యక్తి దగ్గర మాత్రం "బాగా తియ్యి బాబూ" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి అయింది. చిక్కంతా అక్కడే వస్తోంది.

ఈ విలేకరి ఇంట జరిగిందే చెప్పుకోవచ్చు. 2019 వేసవిలో చెల్లెలి పెళ్లి చేశాం. దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మగా వచ్చిన డబ్బులో 10 వేలు బయానా ఇచ్చి వీడియో మాట్లాడాం. కాగితం లేదు, రసీదు లేదు. తెలిసిన కుర్రాడే కదా అన్న ధీమా. నాలుగు నెలలు తిరిగాక ఒక పెన్‌డ్రైవ్ చేతికి వచ్చింది. అందులో వధూవరులు తోటలో నడిచే దృశ్యాలు, పైనుంచి తీసిన పందిరి, సినిమా పాటలు దండిగా ఉన్నాయి. అల్లుడి కాళ్లు కడిగి కన్యాదానం చేసిన నాన్న మాత్రం అర నిమిషం కూడా లేరు. అప్పగింతలు అసలే లేవు. ఈలోగా నాన్న కాలం చేశారు. మిగతా భాగమైనా ఇమ్మని అడిగితే, మెమరీ కార్డులు చెరిపి వేరే పెళ్లికి వాడేశామన్నారు. తప్పంతా ఆ కుర్రాడిదే అనలేం. ఏమేం కావాలో మేము చెప్పలేదు. తీసింది ఎన్నాళ్లు దాస్తారో అడగలేదు.

కెమెరా పట్టేది ఎవరు?

మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం మాసాల్లో మంచి ముహూర్తం పడితే ఒక్క రాత్రే ఊరూరా పందిళ్లు లేస్తాయి. ఒక్కొక్క స్టూడియో రెండు మూడు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది. మాట్లాడింది ఒకరితో, వచ్చేది మరొకరు అవుతుంది. కాబట్టి కెమెరా పట్టేది ఎవరో, అతను ఇంతకు ముందు తీసిన పెళ్లి ఏదో అడగాలి. ఏరి కూర్చిన 5 నిమిషాల ముక్క ఎవరిదైనా బాగానే ఉంటుంది. ఒక పెళ్లి వీడియో మొత్తం పెట్టించుకుని చూడాలి. రాత్రి ముహూర్తంలో వెలుతురు ఎలా ఉందో, మేళం హోరులో మంత్రం, మాట వినిపిస్తున్నాయో గమనించాలి. పురోహితుడి దగ్గర విడిగా చిన్న మైకు పెడతారా, కరెంటు పోతే లైట్ల సంగతేమిటి అని ముందే తేల్చుకోవాలి.

రెండు వైపుల వారూ చెరొక వీడియో పెడితే మండపం మీద కెమెరాల వారికి, కెమెరాల వారికి తగవు. ఎదుర్కోలు నాడే కాకుండా లగ్నపత్రిక రోజునే వియ్యంకులు కూర్చుని ఎవరు పెట్టేదీ మాట్లాడుకుంటే ఖర్చూ తగ్గుతుంది, గొడవా ఉండదు.

ఏమేం రాసుకోవాలి?

స్టాంపు పేపరే అక్కర్లేదు. తెల్లకాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసినా మేలే. తేదీ, ఊరు, ముహూర్తం వేళ రాయాలి. పెళ్లికూతుర్ని చేయడం, పెళ్లి, గృహప్రవేశం, వ్రతం... వీటిలో ఏవేవి తీయాలో, ఎన్ని కెమెరాలో, ఎందరు మనుషులో రాయాలి. అనుకున్న మనిషి రాలేకపోతే ఎవరిని పంపేదీ, అసలు రాకపోతే డబ్బు తిరిగి ఇచ్చేదీ ఉండాలి. పూర్తి వీడియో ఎన్ని రోజుల్లో ఇస్తారో తేదీతో సహా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కోతలు కోయని అసలు వీడియో కూడా మనకు ఇవ్వాలనీ, మనం చూసుకుని సరే అనేదాకా కార్డులు చెరపరాదనీ రాయించుకోవాలి. డబ్బు మూడు భాగాలు చేసి బయానా కొంత, పెళ్లి రోజు కొంత ఇచ్చి, చివరి భాగం వీడియో చూసుకున్నాకే ఇవ్వడం మంచిది.

డ్రోన్ కావాలనుకునేవారు మరొకటి గమనించాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేసేవారికి పైలట్ ధ్రువపత్రం ఉండాలి. విమానాశ్రయాల పరిసరాల్లో అనుమతి లేనిదే ఎగరేయకూడదు.

ముహూర్తం కెమెరా కోసం ఆగదు

జీలకర్ర బెల్లం పెట్టే వేళకు కెమెరాల వారంతా మండపం ముందు గోడ కట్టినట్లు నిలబడుతున్నారు. అక్షింతలు పట్టుకుని కూర్చున్న పెద్దలకు వారి వీపులే కనిపిస్తున్నాయి. తాళి కట్టాక "మళ్లీ ఒకసారి కట్టినట్లు పట్టుకోండి" అనడమూ చూస్తున్నాం. పక్కనే నిలబడి తీయాలని, ఒక కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంచాలని ముందే చెబితే ఈ ఇబ్బంది ఉండదు.

ఇంటి మనిషిని ఒకరిని వీడియో తీసే వ్యక్తి వెంట ఉంచాలి. ఆ ముసలాయన పెద్ద మేనమామ అనీ, ఈవిడ నాయనమ్మ అనీ అతనికి ఎలా తెలుస్తుంది? తప్పక తీయాల్సిన పదిమంది పెద్దల్ని చూపించే బాధ్యత మనదే.

వీడియో ఎవరి సొత్తు?

కొందరు స్టూడియోల వారు పెళ్లికూతురి వీడియోను అడక్కుండానే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ప్రచారానికి పెడుతున్నారు. 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలపై, వీడియోపై తొలి హక్కు తీయించుకున్నవారిదే. వేరే ఒప్పందం ఉంటే తప్ప ఇది మారదు. కాబట్టి స్టూడియో వారు ఇచ్చే అచ్చు కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు.

దాచుకోవడం కూడా తెలియాలి. ఒకప్పటి పెళ్లి క్యాసెట్లు బీరువాల్లో బూజు పట్టి ఉన్నాయి. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేశాక వాటికి కొత్త యంత్రం దొరకడం గగనమైంది. ఆ పాట్లు మళ్లీ రాకుండా ఒక్క పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోక, పుట్టింట ఒకటి, అత్తింట ఒకటి హార్డ్‌డిస్కులో పెట్టుకోవాలి. పాత క్యాసెట్లు ఉన్నవారు ఇంకా ఆలస్యం చేయకుండా వాటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి.

మాట తప్పితే?

2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం (2019) ప్రకారం బాధితులు తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. రెండేళ్లలోపు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మన వాదన మనమే చెప్పుకోవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే సలహా ఇస్తారు. అయితే చూపించడానికి కాగితమో, రసీదో, ఫోన్‌లో డబ్బు పంపిన ఆధారమో ఉండాలి.

వారి కష్టాన్నీ తలచుకోవాలి. తెల్లవారుజామున మంగళస్నానాలకు వచ్చినవారు మర్నాటి అప్పగింతల దాకా నిలబడే ఉంటారు. భోజనానికి ఆఖరి బంతిలో కూడా పిలవని ఇళ్లున్నాయి. వీడియో అందాక బాకీ కోసం నెలల తరబడి తిప్పేవారూ ఉన్నారు. కాగితం ఇద్దరికీ రక్షే.

అమ్మ ఇప్పటికీ పండుగలకు చెల్లెలు వచ్చినప్పుడల్లా ఆ పెన్‌డ్రైవ్ పెట్టమంటుంది. తోటలో నడకలు, పాటలు దాటించి ఆ అర నిమిషం దగ్గర ఆపమంటుంది. ఇలాంటి కొరత మరో ఇంటికి రాకుండా ఉండాలంటే బయానా ఇచ్చే రోజున ఒక్క తెల్లకాగితం ఖర్చు చేస్తే చాలు.