నిద్ర ఇచ్చిందే... నిద్రను లాక్కుంటుంది!

ఏళ్ల తరబడి గంజాయి వాడితే ఒంట్లో ఏం జరుగుతుంది? ఒమన్ విమానం ఎక్కేముందు తెలుసుకోవాల్సిన నిజాలు

మస్కట్: కొత్తగా వచ్చిన కుర్రాడు. వారం నుంచి కంటి మీద కునుకు లేదు. అన్నం సయించదు. రూమ్‌లో అయినదానికీ కానిదానికీ కస్సుమంటాడు. రాత్రిళ్లు చెమటలు, కన్ను మూస్తే పిచ్చి కలలు. ‘కొత్త కదా, ఇంటి మీద బెంగ’ అంటారు తోటివాళ్లు. బెంగ కావచ్చు. కానీ ఊళ్లో రోజూ గంజాయి తాగి, విమానం ఎక్కిన రోజున హఠాత్తుగా ఆపేసినవాళ్లకూ సరిగ్గా ఇవే లక్షణాలు వస్తాయి. చాలామందికి ఆ సంగతి తెలియదు. ‘నాకు గంజాయి లేనిదే నిద్ర రాదు’ అనుకుంటారు. ఆ ఒక్క అపోహే ఇక్కడ మనవాళ్లను జైలు గుమ్మం దాకా తీసుకెళ్తుంది.

ఒక దమ్ము నాలుగెందుకవుతుంది?

గంజాయిలో మత్తు తెచ్చే పదార్థం టీహెచ్‌సీ. మెదడులో దానికి అతికే రిసెప్టర్లు ఉంటాయి. ఇవి తాళాల్లాంటివి, టీహెచ్‌సీ తాళంచెవి లాంటిది. రోజూ అదేపనిగా తాళం తిప్పుతుంటే మెదడు ఆ తాళాల సంఖ్యను తగ్గించేసుకుంటుంది. అందుకే మొదట్లో ఒక్క దమ్ముకే తేలిపోయినవాడికి రెండేళ్లయ్యేసరికి నాలుగు తాగినా ఏమీ అనిపించదు. అప్పుడు తాగేది హుషారు కోసం కాదు, మామూలు మనిషిలా ఉండటం కోసం. నిద్ర సంగతీ అంతే. మొదట్లో తొందరగా నిద్ర పట్టినట్టుంటుంది. అలవాటు ముదిరాక, తాగకపోతే నిద్ర రాని స్థితి వస్తుంది.

దీంట్లో మంచి కబురూ ఉంది. రోజూ తాగేవారి మెదళ్లను స్కాన్ చేసి అమెరికా పరిశోధకులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. తాగేవారిలో తగ్గిన రిసెప్టర్లు, నాలుగు వారాలు మానేసరికి చాలావరకు తిరిగి పెరిగాయని అందులో తేలింది.

కిక్కు పోయినా మతిమరుపు పోదు

‘నాకు అలవాటే, పనిలో ఏం తేడా రాదు’ అనేవాళ్లున్నారు. ఇది ప్రమాదకరమైన ధీమా. హుషారు తగ్గినంత మాత్రాన మిగతా ప్రభావాలు పోయినట్టు కాదు. కొత్త విషయం గుర్తుపెట్టుకోవడం, ధ్యాస నిలపడం రోజూ తాగేవారిలో మందగిస్తాయి. పరంజీ ఎక్కేవాడికి, క్రేన్ నడిపేవాడికి, లారీ డ్రైవర్‌కి ఆ కాస్త తేడానే ప్రాణాల మీదకు తెస్తుంది.

ఆగని వాంతులు

ఏళ్లపాటు వాడినవారిలో కొందరికి మరో వింత జబ్బు వస్తుంది. కడుపునొప్పి, ఆగకుండా వాంతులు. వేడినీళ్లతో స్నానం చేస్తుంటేనే కాస్త ఉపశమనం. అందుకే గంటల తరబడి బాత్రూమ్‌లోనే ఉంటారు. దక్షిణ ఆస్ట్రేలియా వైద్యులు 2004లో దీన్ని తొలిసారి వివరించారు. గంజాయి మందుకు వాంతులు తగ్గించే గుణం ఉందని విని, తగ్గుతాయేమోనని ఇంకా తాగేవాళ్లున్నారు. అది నిప్పులో నెయ్యి పోయడమే. మానడమే దీనికి అసలు మందు. ఒమన్ ఎండల్లో ఒంట్లో నీరు ఇంకిపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. గ్యాస్ ట్రబుల్ అనుకుని రూమ్‌లో పడుకోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లి సెలైన్ పెట్టించుకోవాలి.

మనసు మీద దెబ్బ

స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45 వేల మందికి పైగా యువకులను 15 ఏళ్లపాటు గమనించి 1987లో ఒక అధ్యయనం వెలువరించారు. 50 సార్లకు మించి గంజాయి వాడినవారిలో స్కిజోఫ్రెనియా ముప్పు వాడనివారి కంటే ఆరు రెట్లు కనిపించింది. అందరికీ వస్తుందని కాదు. కానీ ‘నా వెనకే మాట్లాడుకుంటున్నారు’, ‘ఎవరో చంపడానికి వస్తున్నారు’ అని రూమ్మేట్ అంటుంటే నవ్వి వదిలేయకండి. డాక్టర్‌కి చూపించండి. మస్కట్ సమీపంలోని అల్ అమెరాత్‌లో 2013లో మొదలైన అల్ మసర్రా ఆస్పత్రిలో మానసిక జబ్బులకు, వ్యసనాలకు చికిత్స చేస్తారు.

‘మన సాధువులు తాగట్లేదా?’ అని వాదించేవాళ్లకూ ఒక మాట. 1893–94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించింది. మితంగా వాడితే పెద్దగా హాని లేదంది, అతిగా వాడితే హాని తప్పదనీ అంది. రోజూ తాగడం ఏ లెక్కన మితం అవుతుంది?

మానినా దొరికిపోతారు

టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది. ఎప్పుడో ఒకసారి తాగినవారి మూత్రంలో కొద్ది రోజుల్లో జాడ పోతుంది. రోజూ తాగినవారిలో నెల దాకా, ఒక్కోసారి అంతకు మించీ కనిపిస్తుంది. ‘ఇక్కడికొచ్చాక ముట్టలేదు సార్’ అన్నది నిజమే అయినా రిపోర్టు వేరే చెబుతుంది.

ఒమన్‌లో 1999లో 17/99 రాజశాసనంతో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. వాడినా, దగ్గర ఉంచుకున్నా జైలు. అక్రమ రవాణాలో తీవ్ర నేరాలకు మరణశిక్ష దాకా అందులో ఉంది. పొలం తాకట్టు పెట్టి వచ్చినవాడికి కేసు పడితే ఉద్యోగం పోతుంది, ఊళ్లో అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఊళ్లోనే మానండి

మానాక ఇబ్బంది ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో బాగా ముదురుతుంది. రెండు మూడు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. నిద్ర కుదుటపడటానికి కొందరికి ఇంకాస్త పడుతుంది. కష్టమే గానీ, దాటేదే. అందుకే వీసా పని మొదలైన రోజే మానేయండి. నెలన్నర చేతిలో ఉంటే మరీ మంచిది. మన దేశంలో 1985 ఎన్డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్, వాడకం కేసుల్లో తమంతట తాము చికిత్సకు ముందుకొచ్చిన బానిసలకు రక్షణ ఇస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే దగ్గర్లోని డీఅడిక్షన్ కేంద్రం వివరాలు చెబుతారు.

ఇప్పటికే ఒమన్‌లో ఉండి నిద్ర పట్టక సతమతమవుతున్నారా? టీ, సిగరెట్లు తగ్గించండి. నీళ్లు బాగా తాగండి. రోజూ ఒకే వేళకు పడుకోండి. ఎవరో ఇచ్చిన నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటివి డాక్టర్ చీటీ లేకుండా ముట్టకండి. అదీ కేసే. రూమ్‌లోని అన్నలు కూడా వాణ్ని తిట్టకుండా ఆ నాలుగు వారాలు పక్కన నిలబడాలి. ‘ఒక్క దమ్ము కొట్టు, తగ్గిపోద్ది’ అనేవాడు మాత్రం స్నేహితుడు కాదు.