మన పిల్లలు ఉండే గదిలో వేడి ఎంత?

ప్రతి సంవత్సరం మన పల్లెల నుండి ఎందరో యువతీ యువకులు ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి హైదరాబాదు వెళ్తున్నారు. వారిలో చాలామంది చేరేది చిక్కడపల్లి, అశోక్ నగర్, నారాయణగూడ ప్రాంతాలకే. కోచింగ్ సెంటర్లు, పుస్తకాల షాపులు, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం అన్నీ అక్కడ దగ్గర దగ్గరగా ఉంటాయి. తల్లిదండ్రులు అప్పు తెచ్చి అయినా ఫీజు కడతారు. భోజనం ఎలా ఉందని ఫోనులో అడుగుతారు. కాని, “నీ గది పైకప్పు ఏమిటి? కిటికీ ఉందా?” అని అడిగేవారు తక్కువ. ఈ నెల మేము ఆ ప్రశ్నలనే మీ ముందు ఉంచుతున్నాము.

హైదరాబాదుది మంచి వాతావరణమని పేరు. పీఠభూమి మీద ఉన్న ఊరు గనుక కోస్తాలో ఉండే ఉక్కపోత ఇక్కడ అంతగా ఉండదు. ఆ పేరే ఒక చిక్కు తెచ్చింది. బయట గాలి సంగతి చూస్తున్నాము గాని గది లోపలి సంగతి చూడడం లేదు.

స్లాబు చేసే పని

తక్కువ అద్దెకు దొరికే గది తరచుగా పై అంతస్తులో, ఎండ నేరుగా తగిలే స్లాబు కింద ఉంటుంది. కొన్ని మేడల మీద రేకుల గదులు కూడా కడతారు. రేకు పొద్దున్నే వేడెక్కి, సాయంత్రం త్వరగా చల్లారుతుంది. కాంక్రీటు స్లాబు అలా కాదు. పగలంతా ఎండను తాగి, ఆ వేడిని నెమ్మదిగా కిందికి దింపుతుంది. అందుకే రాత్రి బయట గాలి చల్లబడినా గదిలో ఉడుకు తగ్గదు. పక్క మేడ గోడకు ఆనుకొని కిటికీ ఉంటే ఆ చల్లగాలి లోపలికి రాదు. నిద్ర చాలని వానికి మరునాడు చదివినది తలకెక్కదు.

2008లో మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు హైదరాబాదులోని 45 ఫ్లాట్లలో వందమందికి పైగా నివాసులను వేసవిలోను, వానాకాలంలోను ప్రశ్నించి, వారి ఇళ్ళలోని వేడిని కొలిచారు. మన దేశపు ప్రమాణాల్లో హాయికి 23 నుండి 26 డిగ్రీలు అని ఉండేది. హైదరాబాదువారికి 26 నుండి 32.5 డిగ్రీల వరకు హాయిగానే ఉందని ఆమె పరిశోధనలో తేలింది. అంటే ఏ.సి. లేకపోయినా, గాలి ఆడితే మనవారు ఓర్చుకోగలరు. వారిలో తక్కువ ఆదాయం గలవారు ఇంకొంచెం ఎక్కువ వేడికి అలవాటుపడ్డారు. అలవాటుపడ్డారంటే చల్లదనం వారికి అవసరం లేదని కాదు. వేరే దారి లేదని అర్థము. సొంత ఇంటివారు తమ ఇంటి వేడిని అద్దెవారికంటె ఎక్కువగా ఒప్పుకోగలిగారని కూడా ఆ పరిశోధన చెప్పింది. సొంతదారుడు కిటికీ పెట్టించుకోగలడు, మేడకు సున్నం వేయించగలడు. అద్దెవాడు మేకు కొట్టాలన్నా అనుమతి అడగాలి.

కరెంటు లెక్క

తెలంగాణలో రేషన్ కార్డు గల కుటుంబాలకు 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితము. ఊళ్ళో తల్లిదండ్రుల ఇంటికి బిల్లు రాకపోవచ్చు. కాని పట్నంలో కొడుకు ఉండే గదికి యజమాని వేరే మీటరు పెట్టి, యూనిట్‌కు తాను చెప్పిన ధర తీసుకోవచ్చు. కూలరు పెడితే అదనంగా అడిగేవారూ ఉన్నారు. బిల్లుకు భయపడి ఫ్యాను ఆపుకొని చదివితే అదీ ఒక పేదరికమే.

మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. కొత్త రకం బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లకే తిరుగుతుంది, నెలకు 15 యూనిట్ల లోపే. అయితే 40 డిగ్రీలు దాటిన గదిలో ఫ్యాను ఒంటికి వేడిగాలినే కొడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. అప్పుడు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవాలి, నీళ్ళు తాగుతూ ఉండాలి, చల్లని చోటికి వెళ్ళాలి. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా వడదెబ్బకు చనిపోయిన సంగతి మరువరాదు.

ఏమి చేయవచ్చు?

1. గది మాట్లాడేటప్పుడు మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్ళి చూడండి. స్లాబు కింద చెయ్యి ఎత్తి నిలబడితే వేడి తెలుస్తుంది. పైన ఇంకొక అంతస్తు ఉన్న గది, అద్దె కొంచెం ఎక్కువైనా, మేలు.

2. కిటికీ, దాని ఎదుట తలుపు ఉంటే గాలి ఆడుతుంది. పగలు ఎండ పడే కిటికీకి తెర వేసి, రాత్రి తెరిచి ఉంచాలి.

3. కూలరు ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో బాగా పనిచేస్తుంది. దానిని కిటికీ దగ్గర పెట్టి, గాలి బయటికి పోయే దారి ఉంచాలి. వానాకాలంలో అది ఉక్కను పెంచుతుంది.

4. మేడ మీద మార్చిలోనే తెల్లసున్నం గాని, ఎండను తిప్పికొట్టే తెల్లరంగు గాని వేయించమని యజమానిని అడగండి. తెల్లని కప్పు కింద గది 2 నుండి 5 డిగ్రీల వరకు చల్లబడుతుందని 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. 600 చదరపు గజాల కంటె చిన్న స్థలాల్లోని ఇళ్ళకు ఆ విధానంలో నిర్బంధం లేదు. కనుక యజమానిని మంచిమాటతో ఒప్పించవలసినదే. నలుగురు అద్దెవారు కలిసి సున్నం ఖర్చులో పాలు పంచుకుంటామంటే కాదనేవారు తక్కువ.

5. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వస్తే నీడకు చేర్చి ఒళ్ళు తడపాలి. మాట తడబడినా, స్పృహ తప్పినా 108కి ఫోను చేయాలి.

ఊళ్ళో ఉన్న మనకూ ఇందులో పాఠము ఉన్నది. మట్టిగోడల పెంకుటిళ్ళు తీసివేసి రేకులు, స్లాబులు వేసుకున్నాము. అవి వానకు కారవు, నిజమే. కాని వాటి కింద పడుకొనే ముసలివారికీ, బాలింతలకూ ఎండాకాలం కష్టమే. సున్నపు బస్తా ఖరీదు పెద్దది కాదు. ఒక శనివారం యువకులు చీపుర్లు పట్టుకొని మేడలెక్కితే ఒక వీధి ఇళ్ళు తెల్లబడతాయి.

పట్నంలోని సంఘాలకు మా మనవి ఒకటి. వారమంతా మూసి ఉండే హాలును ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట తెరిచి, నాలుగు బల్లలు, ఒక కుండ నీళ్ళు, రెండు ఫ్యాన్లు పెట్టండి. పరాయి ఊరి బిడ్డలు వచ్చి చదువుకుంటారు. ఊళ్ళోని తల్లిదండ్రులారా, ఈసారి ఫోను చేసినప్పుడు, “తిన్నావా?” అన్న తరువాత, “రాత్రి నిద్ర పట్టిందా?” అని కూడా అడగండి.