పునాదికి సిగ్గెందుకు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మన ఇళ్లలో చాలావరకు వినిపించేది ఉర్దూ, వీధిలో తెలుగు. డిగ్రీలో చేరగానే పాఠం ఆంగ్లంలో ఎదురవుతుంది. 2021-22 విద్యాసంవత్సరం నుండి రాష్ట్రంలో డిగ్రీ చదువును ఆంగ్ల మాధ్యమానికి మార్చారు. ఇతర మాధ్యమాల నుండి వచ్చిన బిడ్డకు పాఠం అందకపోతే అది తెలివి లోపం కాదు, పునాది లోపం.

మదనపల్లెలో 1915లో బిసెంట్ థియోసాఫికల్ కళాశాల, కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం స్థాపితమయ్యాయి. ఉన్నత విద్య మన ముంగిటికి వచ్చింది. గడప దాటిన బిడ్డ మధ్యలో వెనుదిరగకుండా చూడడం మన వంతు.

మక్తబ్‌లో ఖాయిదా నేర్వనిదే ఖుర్ఆన్ పఠనం మొదలుకాదు. వయసు మీరి వచ్చిన వారికైనా తొలి పాఠం అక్షరమే. దాన్ని ఎవరూ చిన్నతనంగా భావించరు. మరి డిగ్రీ విద్యార్థి భిన్నాలు, శాతాలు, వాక్యనిర్మాణం మళ్లీ నేర్చుకోవడానికి సిగ్గెందుకు?

రోజూ ఇషా నమాజు తర్వాత అరగంట కేటాయిద్దాం. పాఠ్యపుస్తకంలో ఒక పేరా బిగ్గరగా చదివిద్దాం. దాని భావాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చెప్పించి, ఆపై రెండు ఆంగ్ల వాక్యాలు రాయిద్దాం. ఆంగ్లం రాని తల్లి కూడా భావం అడిగి వినగలదు. ఒక్కసారి తప్పినంత మాత్రాన అబ్బాయిని పనిలో పెట్టాలని, అమ్మాయికి పెళ్లి చేయాలని తొందరపడకుండా ఒక్క ఏడాది ఈ పునాదికి ఇద్దాం.