అడవిని చదివి వినిపించేవారు

బందరు–గుడివాడ రైలుదారిలో గుడ్లవల్లేరు ఒక చిన్న స్టేషను. కాని జిల్లా పటం ముందు పెట్టుకుని చూస్తే ఈ ఊరికొక విశేషం కనిపిస్తుంది. ఎగువకు ప్రయాణం కట్టి గుడివాడ, కైకలూరు చేరితే కొల్లేరు. దిగువకు ప్రయాణం కట్టి దివిసీమలో అవనిగడ్డ, నాగాయలంక దాటితే మడ అడవులు. ఒకటి మంచినీటి సరస్సు. రెండవది ఉప్పునీటిలో పెరిగే అడవి. రెండూ అభయారణ్యాలే. తెల్లవారి బయలుదేరితే దేనికి వెళ్ళినా దీపాల వేళకు ఇల్లు చేరవచ్చు.

అయితే చుట్టాలెవరైనా వచ్చి "మీ వైపు చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడిగితే మనం ఏం చెబుతాం? మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు, ఘంటసాల స్తూపం, కూచిపూడి, హంసలదీవి సంగమం. ఇవన్నీ చెప్పవలసినవే. కొల్లేరూ, మడ అడవీ మాత్రం నోటికి రావు. వచ్చినా, వెళ్ళిన చుట్టాలు పడవలో ఒక చుట్టు తిరిగి, "నీళ్ళున్నాయి, చెట్లున్నాయి, కొంగలున్నాయి" అని తేల్చేస్తారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. గుడికి వెళితే స్థలపురాణం చెప్పటానికి అర్చకస్వామి ఉన్నాడు. అడవికి వెళితే దాని పురాణం చెప్పేవారెవరు?

ఈ పని చేసేవారిని ప్రపంచమంతటా నేచర్ గైడ్లు అంటున్నారు. మనం ప్రకృతి మార్గదర్శులు అనుకోవచ్చు. ఈ పనికొక చదువూ, పరీక్షా, పట్టా ఉన్నాయి. ఆ సంగతులు కొంచెం తెలుసుకుంటే, మన కొల్లేటికీ మన మడ అడవికీ ఏం కావాలో బోధపడుతుంది.

అక్కచెల్లెళ్ళ పరీక్ష

అమెరికాలో కొలరాడో కొండల్లో ఈనాస్ మిల్స్ అనే ఆయన ఉండేవాడు. లాంగ్స్ శిఖరానికి జనాన్ని తీసుకువెళ్ళటం ఆయన వృత్తి. గైడు అంటే దారి తప్పకుండా తీసుకువెళ్ళి తీసుకువచ్చేవాడని అందరూ అనుకునే రోజులవి. మిల్స్ అలా అనుకోలేదు. దారిలో కనిపించిన ప్రతి పువ్వూ, ప్రతి జంతువు అడుగూ ఒక కథ అని ఆయన నమ్మకం. గైడు పనిలో చేరదలచినవారికి తానే శిక్షణ ఇచ్చాడు. ఆయన శ్రమ కూడా తోడై 1915లో ఆ ప్రాంతం రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు అయింది.

ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో ఎస్తర్, ఎలిజబెత్ బర్నెల్ అనే అక్కచెల్లెళ్ళున్నారు. 1917లో వాళ్ళు పరీక్షకు నిలబడి నెగ్గి, ఆ దేశపు నేషనల్ పార్కుల్లో లైసెన్సు పొందిన తొలి మహిళా నేచర్ గైడ్లయ్యారు. పట్టా ఇచ్చారు కాని, దానికొక మెలిక పెట్టారు. చెట్లు పెరగటం ఆగిపోయే ఎత్తు దాటి పైకి పోవాలంటే వెంట మరొక పెద్ద గైడు ఉండాలన్నారు! ఆడవాళ్ళ మీద అప్పటి లోకానికున్న అపనమ్మకం అది. పరీక్ష నెగ్గినవారికి కూడా అనుమానపు గీత గీసే అలవాటు కొత్తది కాదు.

ఆ తరువాత 1925లో యోసెమిటీ పార్కులో ప్రకృతి శాస్త్రాన్ని ఆరుబయట నేర్పే బడి పెట్టారు. 1957లో ఫ్రీమన్ టిల్డెన్ అనే రచయిత ఈ విద్యకొక చక్కని గ్రంథం రాశాడు. ఆయన చెప్పినదాని సారం ఇది: వచ్చినవాడి బతుకుతో ముడిపడని మాట వాడి చెవికెక్కదు, గైడు పని పాఠం ఒప్పచెప్పటం కాదు, కుతూహలం రగిలించటం. ఈక్వడార్ దేశపు గలాపగోస్ దీవుల్లో 1975 నుంచి గైడ్లకు తరగతులు నడుపుతున్నారు. పార్కు పట్టా ఉన్న గైడు వెంట లేకుండా అక్కడ చాలాచోట్ల యాత్రికుడు కాలు కదపటానికి వీల్లేదు. దక్షిణాఫ్రికాలో 1990లో ఏర్పడిన గైడ్ల సంఘం మెట్లు మెట్లుగా పరీక్షలు పెడుతుంది. బండిలో కూర్చోబెట్టి సింహాన్ని చూపించటం ఒక పట్టా; సింహం తిరిగే చోట జనాన్ని నడిపించటం మరొక పట్టా.

ఏం నేర్పుతారు?

ఏ దేశపు పాఠాలు తిరగేసినా ముఖ్యాంశాలు నాలుగు కనిపిస్తాయి. వాటిని మన మడ అడవికి అన్వయించి చూద్దాం.

మొదటిది గుర్తుపట్టటం. ఏది తెల్లమడ, ఏది పొన్న, ఏది తిల్ల అన్నది ఆకు చూసి చెప్పగలగాలి. తిల్ల పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదమని యాత్రికుడు కొమ్మ విరవక ముందే హెచ్చరించాలి. మడచెట్టు చుట్టూ బురదలోంచి మేకుల్లా నిక్కి ఉన్నవి ఊపిరి వేళ్ళనీ, గాలి ఆడని బురదలో చెట్టు వాటితోనే ఊపిరి పీల్చుకుంటుందనీ చూపించాలి. పొన్నకాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, ఆ మొలకతో సహా నీటిలోకి రాలుతుంది. కడుపున బిడ్డను మోసి కన్న తల్లి తీరన్నమాట. నీటిపిల్లి రాత్రిపూట చేపలు పట్టే జంతువు. అది కంటపడటం అరుదు. బురదలో దాని అడుగు చూసి జాడ చెప్పటమే విద్య.

రెండవది క్షేమం. కాలవల్లో పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అన్నది తెలియనివాడు పడవను బురదలో కూర్చోబెడతాడు. పాము కరిస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు, నీళ్ళు మింగినవాణ్ణి ఎలా పడుకోబెట్టాలి అన్నవి చేతులతో చేసి చూపాలి. ప్రథమ చికిత్స ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం సరిపోదు. మళ్ళీ మళ్ళీ పరీక్ష పెట్టవలసిందే.

మూడవది చట్టం, మర్యాద. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. గూళ్ళకు ఎంత దూరంలో పడవ ఆపాలి, ఎప్పుడు మోటారు కట్టెయ్యాలి, పక్షి లేచి ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టే పెద్దమనిషిని నొప్పించకుండా ఎలా వారించాలి అన్నవి కూడా పాఠాలే.

నాలుగవది చెప్పటం. ఇదే అన్నిటికంటె కష్టం. తీతువు పిట్ట కూస్తే అపశకునమని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. తీతువు నేలమీద గుడ్లు పెడుతుంది. మనిషో కుక్కో దగ్గరకు వస్తే పిల్లల మీది భయంతో కూస్తూ ఆకాశంలో చుట్లు తిరుగుతుంది. ఈ మాట ఒకసారి విన్న తల్లి ఇక ఆ కూతను అపశకునం అనుకోగలదా? టిల్డెన్ చెప్పింది సరిగ్గా ఇదే.

వేటగాడి చేతిలో దుర్భిణి

ఈ విద్య ఎవరికి నేర్పాలి? మన దేశంలోనే దీనికి చక్కని సమాధానాలున్నాయి.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ ఒకప్పుడు మహారాజుల బాతుల వేటస్థలం. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో పరివారం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఆ స్థలమే తరువాత నేషనల్ పార్కు అయింది. అక్కడ యాత్రికులను తిప్పే రిక్షావాళ్ళకు పక్షుల విద్య నేర్పారు. రిక్షా తొక్కుతూనే వాళ్ళు పక్షిని చూపి పేరు చెబుతారు. కేరళలోని పెరియార్ అడవిలో దొంగతనంగా దాల్చినచెక్క బెరడు ఒలిచి అమ్ముకున్నవారు 1990ల చివర అటవీశాఖతో కలిసి యాత్రికుల గైడ్లయ్యారు. దొంగదారులన్నీ తెలిసినవారు కనుక కాపలాకు వారిని మించినవారు దొరకలేదు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి అనే ఊరు పక్షుల వేటకు పేరుమోసింది. 2000 సంవత్సరంలో ఆ వేటగాళ్ళే సంఘంగా ఏర్పడి వేట మానారు. ఇప్పుడు ఆ ఊరి పడవల్లో కూర్చుని పక్షులను చూడటానికి దూరదేశాల నుంచి వస్తున్నారు.

మన తెలుగునేల కూడా ఈ దారి ఎరుగనిది కాదు. నల్లమలలో చెంచు యువకులు యాత్రికులకు అడవి చూపిస్తున్నారు. కాకినాడ దగ్గర కోరంగి అభయారణ్యంలో మడచెట్ల మధ్య చెక్కబాట వేసి జనాన్ని నడిపిస్తున్నారు. దివిసీమ తీరంలో సముద్రపు తాబేళ్ళు పెట్టిన గుడ్లను ఏరి, ఇసుక గుంటల్లో పొదిగించి, పిల్లలను కడలిలో వదిలే పనిని అటవీశాఖ స్థానికుల చేతనే చేయిస్తున్నది.

ఇందులో ఒక నీతి ఉంది. అడవి వల్ల నాలుగు డబ్బులు కళ్ళజూసినవాడే అడవికి కాపలా కాస్తాడు. కొల్లేటి కథ చూడండి. 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యమయింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టికలోకి ఎక్కింది. 2005–06 సంవత్సరాల్లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సు బతకాలంటే అది తప్పదన్నారు. కాని గట్టు తెగిన కుటుంబానికి గూడబాతును చూస్తే ప్రేమ పుడుతుందా? పక్షి వల్ల పోయిన కూడు పక్షి వల్లనే కొంతైనా తిరిగి వచ్చినప్పుడు కదా సఖ్యం కుదిరేది! ఆటపాకలో గూడబాతుల గూళ్ళను చూడటానికి వచ్చే జనం తక్కువేమీ కాదు. వాళ్ళకు కథ చెప్పేవాడు ఆ లంక గ్రామాల బిడ్డే కావాలి.

మడ అడవి సంగతీ అంతే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ ఏనాటికీ మరువలేదు. వేలమంది జలసమాధి అయ్యారు. మడ అడవి ఉప్పెనను ఆపేస్తుందని ఎవరూ అనరు. కాని అల విసురును మాత్రం తగ్గిస్తుంది. 1989లో ఈ అడవిని కృష్ణా అభయారణ్యంగా ప్రకటించారు. ప్రకటన ఒక ఎత్తు, దాని విలువ ఒడ్డునున్నవాడి మనసుకు ఎక్కటం ఒక ఎత్తు.

పట్టా ఎవరికి అందాలి?

మన దేశంలో గైడు పట్టాకు ఒకే దారి లేదు. సాధారణంగా ఆయా పార్కుల అటవీ అధికారులే స్థానికులను ఎంపిక చేసి, తర్ఫీదు ఇచ్చి, గుర్తింపు ఇస్తారు. 2017లో కేంద్ర పర్యావరణ శాఖ హరిత నైపుణ్యాల కార్యక్రమం ఒకటి ప్రారంభించి యువతకు తరగతులు పెట్టి పట్టాలిచ్చింది. 2020లో కేంద్ర పర్యాటక శాఖ ఇంటర్నెట్లో చదువుకునే గైడు కోర్సు తెచ్చింది. అన్నీ మంచి ప్రయత్నాలే.

కాని ఇక్కడొక చిక్కుంది. కాలవల్లో పుట్టి పెరిగిన పల్లెకారు, బురద మీద అడుగు చూసి జంతువు పేరు చెప్పే యానాది, తాటిదోనె మీద కొల్లేరంతా తిరిగి మావులు వేసే వడ్డెవాడు — వీళ్ళల్లో ఎంతమంది కాగితం మీది పరీక్షకు నిలబడగలరు? నిలబడలేకపోతే పట్నంలో చదువుకున్న కుర్రవాడెవడో పుస్తకం వల్లించి పట్టా సంపాదిస్తాడు. పక్షుల ఇంగ్లీషు పేర్లు గడగడా చెబుతాడు. పోటు పాట్ల సంగతి మాత్రం పడవ తోసే ముసలాయనను అడుగుతాడు. పట్టా కుర్రవాడికీ, తెడ్డు ముసలాయనకూ మిగులుతుంది. ఆ బర్నెల్ అక్కచెల్లెళ్ళకు గీసిన గీతే ఇక్కడ మరొక రూపంలో గీసినట్లవుతుంది.

పట్టా అక్కరలేదని కాదు. ఊరు కాని ఊరి నుంచి పసిపిల్లలతో వచ్చిన తండ్రికి, ఈ పడవవాణ్ణి నమ్మవచ్చునా అన్న సందేహం సహజం. ఆ నమ్మకాన్నిచ్చేది పట్టాయే. పడవవాడికి న్యాయమైన కూలి ఇప్పించేదీ, "అయ్యా, గూళ్ళ దగ్గరకు పోకూడదు" అని ధనవంతుడికైనా చెప్పే ధైర్యమిచ్చేదీ పట్టాయే. జనం పెరిగితే ప్లాస్టిక్ సంచులూ, మోటారు రొదా పెరుగుతాయని భయపడేవారున్నారు. ఆ భయం నిజమే. అందుకే కాదనగల అధికారం ఉన్న గైడు ప్రతి పడవలోనూ ఉండాలి.

కనుక మార్చవలసింది పరీక్షను. పరీక్ష తెలుగులో జరగాలి. సగం పరీక్ష పడవలోనే, నోటి మాటగానే జరగాలి. పరీక్షకు కూర్చునేవారిలో శాస్త్రం చదివిన అధికారితోపాటు, ఆ నీటిలో జుట్టు నెరిసిన పెద్ద ఒకడుండాలి. చదువు రానివాడికి చట్టం చదివి వినిపించి అర్థమయిందో లేదో అడిగితే చాలు. ఆడవాళ్ళకు సమాన స్థానం ఇవ్వాలి. పీతలు పట్టే స్త్రీకి తెలిసిన బురద మరెవరికి తెలుసు?

అన్నిటికంటె ముందు, పేర్ల పట్టిక ఒకటి తయారు కావాలి. గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ, నత్తగుల్ల కొంగ, లకుముకి, ఉల్లంకి, బొల్లికోడి — ఇవి మన పల్లెవాళ్ళు పెట్టుకున్న పేర్లు. ఊరికొక పేరున్న పక్షులూ, చెట్లూ ఎన్నో ఉన్నాయి. వాటిని ఆ ముసలివాళ్ళ నోట విని రాసి పెట్టటం తెలుగు చదువుకున్నవారి బాధ్యత. పేరు పోయిన పక్షి కళ్ళెదుట ఎగిరినా మనకు కనిపించదు.

ఇక మన వంతు. ఈసారి సెలవులకు పిల్లలను తీసుకుని కొల్లేరు వెళ్ళినా, మడ అడవికి వెళ్ళినా పడవ నడిపేవాడి పక్కన కూర్చోండి. "అదేం పిట్ట బాబూ? మీరేమంటారు దాన్ని?" అని అడగండి. బేరమాడకుండా ఆయన కూలి ఆయనకివ్వండి. పట్టాలు అధికారులు ఇవ్వవలసినవి. గౌరవం మాత్రం మనం ఇవాళే ఇవ్వవచ్చు.