టైమ్‌షేర్ పాయింట్లతో మారిషస్: ముందు స్కూల్ క్యాలెండర్ చూడండి



ఫిబ్రవరి, మార్చి నెలల్లో క్లాస్ టీచర్లకు ఒక రకం లీవ్ లెటర్ వస్తుంటుంది. "మా హాలిడే పాయింట్లు ఈ నెలాఖరుకు ల్యాప్స్ అవుతున్నాయి, బాబుకు వారం రోజులు సెలవు ఇవ్వగలరు" అని. అప్పటికి వార్షిక పరీక్షలు దగ్గర పడి ఉంటాయి. లక్షలు పెట్టి కొన్న సభ్యత్వం వాడుకోకుండా పోతుందన్న బాధ న్యాయమైనదే. కానీ అదే పాయింట్లతో, ఒక్క క్లాసు కూడా పోకుండా, అండమాన్ కంటే దూరంగా ఉన్న దీవికి వెళ్లి రావచ్చు. సుమారు ఏడాది ముందు కూర్చుని లెక్క వేసుకోవాలి, అంతే.

ముందు పాయింట్ల సంగతి. ఒక రిసార్టులో ఒక గదిని ఏటా ఒక వారం వాడుకునే హక్కును అమ్మడం టైమ్‌షేర్ పాత పద్ధతి. వారానికి బదులు పాయింట్లు ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది. ఐరోపాలో 1963లో మొదలైన హాపిమాగ్ ఈ దారిలో తొలినాటి సంస్థ. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. సొంత కంపెనీకి రిసార్టు లేని చోటికి వెళ్లాలంటే ఎక్స్‌ఛేంజ్ సంస్థ కావాలి. మీ వారాన్నో పాయింట్లనో అక్కడ జమచేసి, ఇంకెవరో జమచేసిన గదిని తీసుకుంటారు. 1974లో అమెరికాలో మొదలైన ఆర్‌సీఐ వీటిలో బాగా పేరున్నది.

పాయింటు రూపాయి లాంటిది కాదు. ఒకే గదికి ఒక వారం తక్కువ పాయింట్లు అడుగుతారు, మరో వారం దాదాపు రెట్టింపు అడగవచ్చు. ఎక్కువ మంది కోరుకునే వారానికి ఎక్కువ పాయింట్లు. క్లబ్ మహీంద్రా సంవత్సరాన్ని పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు సీజన్లుగా విడగొట్టింది కూడా ఇందుకే. స్కూల్ పిల్లలున్న కుటుంబానికి అసలు చిక్కు ఇక్కడే ఉంది. మనకు సెలవులున్నప్పుడే దేశంలో అందరికీ సెలవులు. మే నెలలో ఊటీ, మున్నార్, మనాలి గదులకు గిరాకీ ఆకాశంలో ఉంటుంది. తక్కువ సీజన్ సభ్యత్వం ఉన్నవారికి అప్పుడు గది దొరకడమే కష్టం. దొరకక, చివరికి మార్చిలో లీవ్ లెటర్ రాస్తారు.

మన ఎండాకాలం, వాళ్ల చలికాలం

భూమధ్యరేఖ దాటి దక్షిణానికి వెళ్తే రుతువులు తిరగబడతాయి. అయిదో తరగతి సోషల్ పాఠమే ఇది, సెలవుల ప్లానింగ్‌లో మాత్రం మనం మర్చిపోతాం. తెలంగాణలో 2024లోనూ 2025లోనూ వేసవి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వచ్చాయి. చార్మినార్ దగ్గర రోడ్డు మీద నిలబడలేనంత ఎండ ఉన్న ఆ రోజుల్లో మారిషస్‌లో చలికాలం మొదలవుతుంటుంది. చలికాలం అంటే స్వెట్టర్ల కాలం కాదు. పగలు 25 డిగ్రీల దగ్గర, ఆకాశం చాలావరకు తెరిపిగా ఉంటుంది. ఆ దీవికి తుపాన్ల భయం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు, అందులోనూ జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ. మే వచ్చేసరికి అది తగ్గిపోతుంది. ఐరోపా వాళ్లు అక్కడికి పోటెత్తేది డిసెంబరు, జనవరిల్లో. కాబట్టి మే నెల చివర, జూన్ మొదట్లో అక్కడ గదులకు గిరాకీ తక్కువ, వాతావరణం మాత్రం బాగుంటుంది. మనకు పీక్ సీజన్ అయిన వారం వాళ్లకు కాదు. దూరపు దీవికి పాయింట్లు వాడటంలో లాభమంతా ఈ తేడాలోనే ఉంది.

మిగతా దీవులను కూడా ఇదే కొలతతో చూడండి. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, అసలు రద్దీ జులై, ఆగస్టుల్లో. అంటే మే నెల అక్కడా అనుకూలమే. మాల్దీవుల్లో మే నుంచి నైరుతి వానలు. గది చవగ్గా దొరకవచ్చు, కానీ పిల్లలు వారమంతా కిటికీలోంచి వాన చూడాల్సి రావచ్చు. అండమాన్‌లో మే రెండో సగం నుంచి సముద్రం అల్లకల్లోలం. శ్రీ విజయపురం (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) నుంచి స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లే ఫెర్రీలు రద్దయితే ఒక రోజు పోయినట్టే. దసరా సెలవులు అక్టోబరులో పడిన ఏడు అండమాన్ గురించి ఆలోచించవచ్చు. సంక్రాంతికైతే అక్కడ వాతావరణం ఇంకా బాగుంటుంది, కానీ అప్పుడు దేశమంతా అక్కడే ఉంటుంది.

ఇక డబ్బు లెక్క. "పాయింట్లు ఉన్నాయి కాబట్టి ట్రిప్పు ఫ్రీ" అనే మాట ఇంట్లో వినబడితే ఆపి, కాగితం, పెన్ను తీసుకోండి. లెక్క తేలికగా ఉండటానికి కొన్ని అంకెలు అనుకుందాం: సభ్యత్వానికి 4 లక్షలు, 25 ఏళ్లు, ఏడాదికి 7 రాత్రులు, ఏటా కట్టే మెయింటెనెన్స్ ఫీజు 20 వేలు. మొత్తం 175 రాత్రులు. ఒక్కో రాత్రికి సభ్యత్వం ఖర్చు సుమారు 2,286 రూపాయలు, ఫీజు సుమారు 2,857. కలిపితే 5,143. కొన్న ధర కంటే ఏటా కట్టే ఫీజే ఎక్కువ పడుతోంది చూశారా! పైగా ఆ ఫీజు పెరుగుతూ పోతుంది, ఇక్కడ మనం పెంచలేదు. ఇదే కుటుంబం 25 ఏళ్లలో 10 సార్లే వెళ్లిందనుకోండి, వాడింది 70 రాత్రులు. ఒక్కో రాత్రి 12,857 రూపాయలకు చేరుతుంది. వెళ్లని ఏడాది కూడా ఫీజు ఆగదు కదా.

దీన్ని బట్టి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. సభ్యత్వం ఇప్పటికే ఉన్నవాళ్లు ప్లాన్ వేసుకుని పూర్తిగా వాడుకోండి. ఒక్క మారిషస్ ట్రిప్పు కోసం కొత్తగా కొనడం మాత్రం దండగ.

పాయింట్లు గదికి మాత్రమే. విమానం టికెట్లు, ఎక్స్‌ఛేంజ్ ఫీజు, ఎయిర్‌పోర్టు నుంచి కారు, తిండి అన్నీ జేబులోంచే. మారిషస్‌కు ముంబయి నుంచి విమానంలో సుమారు ఆరు గంటలు, దానికి హైదరాబాద్ నుంచి ముంబయి ప్రయాణం కలపండి. నలుగురి టికెట్ల ఖర్చు ముందు గది మీద మిగిలే డబ్బు చిన్నదిగా కనిపిస్తుంది. 2025 అక్టోబరు నుంచి అక్కడ పన్నెండేళ్లు దాటిన విదేశీ పర్యాటకులు రాత్రికి 3 యూరోల రుసుం కూడా కట్టాలి. అన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. దీవుల్లోని చాలా రిసార్టులు "ఆల్ ఇన్‌క్లూజివ్" తప్పనిసరి అంటాయి. అంటే తిన్నా తినకపోయినా, తలకింత చొప్పున రోజూ భోజనం డబ్బు కట్టాలి. ఎక్స్‌ఛేంజ్ పేజీలో ఇది అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. బుక్ చేసే ముందు ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి చూడండి. కొన్నిసార్లు మామూలుగా హోటల్ బుక్ చేసుకోవడమే చవక.

ఆ నిబంధన లేని, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ దొరికితే మన కుటుంబాలకు అదే మేలు. మారిషస్ దుకాణాల్లో బియ్యం, పప్పు, మసాలాలు దొరుకుతాయి. దారి పక్కన శనగపప్పు కూరిన ధోల్ పూరి పిల్లలకు వెంటనే నచ్చుతుంది. దీవి జనాభాలో ముస్లింలు గణనీయంగా ఉన్నారు కాబట్టి హలాల్ భోజనానికి వెతుకులాట ఉండదు. రాజధాని పోర్ట్ లూయిస్‌లోని జుమ్మా మసీదు 1850ల నాటిది.

ఎంతమంది, ఎవరి పేరు మీద

హుస్సేనీ ఆలం, దూద్‌బౌలి వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ దాదీ, నానీ, బాబాయి పిల్లలు కలిసే ఉంటారు. ట్రిప్పు అంటే అందరూ బయల్దేరుతారు. రిసార్టు మాత్రం ఒప్పుకోదు. స్టూడియో గదిలో ఇంతమంది, ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఇంతమంది అని కచ్చితమైన పరిమితి ఉంటుంది. చాలాచోట్ల చంటిబిడ్డను కూడా ఒక మనిషిగా లెక్కిస్తారు. రిసెప్షన్ దగ్గర బతిమాలితే అదనపు పరుపు వేస్తారని నమ్ముకుని వేల కిలోమీటర్లు వెళ్లవద్దు. మనుషుల లెక్క తేలాకే గది సైజు, దాన్ని బట్టే పాయింట్లు.

సభ్యత్వం తాతగారి పేరు మీద ఉండి, వెళ్లేది కొడుకు కుటుంబమైతే, గెస్ట్‌గా ముందే పేర్లు నమోదు చేయించాలి. దానికి కొన్ని సంస్థలు విడిగా ఫీజు తీసుకుంటాయి. వోచర్ మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు ఒకేలా ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లకే, లేదా 18 ఏళ్లు నిండే వరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఎల్‌కేజీలో తీసింది నాలుగో తరగతికి అయిపోయి ఉంటుంది. ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండేలా చూసుకోండి. మన వైపు వాళ్లకు ఇప్పుడు దగ్గరి వెసులుబాటు ఉంది, ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025 సెప్టెంబరులో మొదలైంది. భారతీయ పర్యాటకులకు మారిషస్‌లో దిగాక వీసా ఉచితమే. కానీ తిరుగు టికెట్, బస రుజువు, ఖర్చులకు డబ్బు చూపించాలి. ఆ బస రుజువు మీ ఎక్స్‌ఛేంజ్ కన్ఫర్మేషనే, ప్రింట్ తీసి పెట్టుకోండి.

తేదీలు ఖాయం చేసే ముందు గోడ మీది రెండు క్యాలెండర్లూ చూడాలి. చాంద్రమాన పండుగలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి. 2027లో బక్రీద్ మే నెల మధ్యలో, మొహర్రం జూన్ మొదటి వారంలో వచ్చే అవకాశం ఉంది, నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ. మొహర్రం పది రోజులూ హుస్సేనీ ఆలం వదలని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటివారికి ఆ ఏడు మిగిలేవి రెండే కిటికీలు: సెలవులు ఇచ్చిన వెంటనే పది, పదిహేను రోజులు, లేదా బక్రీద్ అయ్యాక మే చివరి వారం. పెళ్లి ముహూర్తాలు చూసుకునే ఇళ్లలోనూ ఇదే పని, పంచాంగం ముందు, బుకింగ్ తర్వాత.

తేదీలు తేలాక అభ్యర్థన పెట్టండి. వారం మొత్తం ఇచ్చే ఎక్స్‌ఛేంజ్‌లో చెక్‌ఇన్ సాధారణంగా శుక్ర, శని, ఆదివారాల్లోనే ఉంటుంది. మీకు నచ్చిన మంగళవారం కుదరదు. ఒక్క రిసార్టునే పట్టుకోకుండా ఉత్తరాన గ్రాండ్ బే వైపు, పడమట ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వైపు రెండు మూడు పేర్లు ఇవ్వండి. ఆ కాలంలో ఆగ్నేయం నుంచి గాలులు వీస్తాయి కాబట్టి తూర్పు తీరం చల్లగా, విసురుగా ఉంటుంది. చిన్నపిల్లలకు పడమర, ఉత్తరం నయం. కన్ఫర్మేషన్ చేతికి రాకుండా రద్దుకు వీలులేని విమానం టికెట్లు కొనవద్దు. రాకపోతే ఏం చేయాలో, ఏ తేదీ దాకా ఆగాలో కూడా ముందే అనుకోండి. జనవరి నెలాఖరుకు దారి కనబడకపోతే ఆ పాయింట్లను వచ్చే ఏడాదికి మార్చుకోవచ్చా, దానికి గడువు ఎప్పుడు అని కంపెనీకి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి. మార్చి లీవ్ లెటర్‌ను తప్పించేది ఆ ఒక్క ఈమెయిలే.

అక్కడ ఒక రోజు సముద్రం వదిలి పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసి ఘాట్‌కు పిల్లలను తీసుకెళ్లండి. 1834 నుంచి 1920 వరకు సుమారు 5 లక్షల మంది ఒప్పంద కూలీలు దిగిన చోటది, 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి వచ్చినవారు కాబట్టి వాళ్లను అక్కడ "కోరంగీలు" అన్నారు. ఆ దేశంలో ఉగాది ఇప్పటికీ ప్రభుత్వ సెలవు దినం.

రిసార్టులో రెండో రోజో మూడో రోజో ఒక ఫోన్ రావచ్చు. ఉచిత బ్రేక్‌ఫాస్ట్, చిన్న కానుక, "ఓ గంట మాట్లాడదాం" అంటారు. అది సభ్యత్వం అప్‌గ్రేడ్ అమ్మే సమావేశం, గంటలో అయ్యేది తక్కువ. మర్యాదగా వద్దనే హక్కు మీకుంది. వెళ్లినా ఆ రోజే సంతకం చేయవద్దు, కార్డు బయటికి తీయవద్దు. ఇక్కడ మాల్స్‌లో లక్కీ డ్రా కూపన్ నింపాక వచ్చే పిలుపులకూ ఇదే వర్తిస్తుంది. ఇప్పటికే సంతకం చేసి ఉంటే ఒప్పందంలో రద్దు గడువు ఎన్ని రోజులో వెంటనే వెతకండి. ఆ గడువులోపు రాతపూర్వకంగా, రుజువు మిగిలేలా రద్దు కోరండి. కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.