నాలుకకు 5, ముక్కుకు 400: ఉగ్గాని రుచి లెక్క

నంద్యాల, ఆళ్లగడ్డల్లో పొద్దున టిఫిన్ అంటే ముందు గుర్తొచ్చేది ఉగ్గాని, బజ్జి. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు, పప్పుల పొడి, కరివేపాకు పోపు, పైన నిమ్మరసం. ముద్ద నోట్లో పడగానే రుచిగా ఉందంటాం. ఆ మెప్పులో నాలుక వాటా ఎంత, ముక్కు వాటా ఎంత?

5 రుచులు

నాలుకకు తెలిసిన ప్రధాన రుచులు 5: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. మాంసం పులుసులో, పండిన టమాటాలో ఉండే కమ్మదనమే ఉమామి. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా దాన్ని గుర్తించాడు. మన నోట్లో రుచిమొగ్గలు వేలల్లో ఉంటాయి. ఒక్కో మొగ్గలో 50 నుంచి 100 కణాలుంటాయి. అవి సుమారు 10 రోజులకోసారి మారిపోతుంటాయి. ఉగ్గానిలో నాలుక పట్టేది ఉప్పు, నిమ్మ పులుపు, ఉల్లి తీపి, పసుపులోని కాస్త చేదు. అంతే.

43 డిగ్రీలు

షడ్రుచుల్లో మనం చెప్పుకునే కారం ఈ ఐదింటిలో లేదు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి స్పందించే గ్రాహకాన్నే మిరపలోని క్యాప్సైసిన్ కూడా మేల్కొలుపుతుంది. మిరపకాయ బజ్జి చల్లారినా నోరు మండేది అందుకే. 1997లో ఈ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ పంచుకునే గౌరవం దక్కింది.

400 గ్రాహకాలు, 2 దారులు

మిగతాదంతా ముక్కు పని. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వీటి జన్యువుల గుట్టు 1991లో విప్పిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఒక్కో వాసన కొన్ని గ్రాహకాలను కలిపి కదిలిస్తుంది కాబట్టి, 400 రకాలతోనే లెక్కలేనన్ని వాసనలను విడదీసి పోల్చుకోగలుగుతాం.

వాసన ముక్కులోకి 2 దారుల్లో చేరుతుంది. ఒకటి పీల్చే గాలితో ముందు నుంచి. రెండోది నమిలి మింగేటప్పుడు గొంతు వెనక నుంచి పైకి. ఈ రెండో దారిన వచ్చిన కరివేపాకు ఘుమఘుమను మెదడు నోటిలోని రుచితో కలిపేసి, అంతా నాలుక మీదే ఉన్నట్టు మనకు తెలియజేస్తుంది.

1 పరీక్ష

నంద్యాల దగ్గరి మహానంది అరటితోటలకు పేరు. ఒక అరటిపండు తీసుకుని, ముక్కు గట్టిగా మూసుకుని నమలండి. తీపి, మెత్తదనం మాత్రమే తెలుస్తాయి. వేళ్లు వదలగానే అరటి అరటిలా అనిపిస్తుంది. ఆ గుణంలో పెద్దపాత్ర ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థానిది. రుచిలో 80 శాతం వాసనదేనని తరచూ వింటుంటాం. ఆ అంకెకు గట్టి కొలత ఏదీ లేదు. వంటకాన్ని బట్టి వాటా మారుతుంది.

5 గ్రాములు

వయసు పెరిగేకొద్దీ వాసన శక్తి తగ్గుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూర చప్పగా ఉందంటే మన చెయ్యి ఉప్పు డబ్బా మీదికి పోతుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కాబట్టి ముందు జీలకర్ర, ఇంగువ పోపు పెంచండి, కొత్తిమీర వేయండి, నిమ్మకాయ పిండండి. జలుబు తగ్గినా వాసన వారాల తరబడి తెలియకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. వాసన తెలియని మనిషి గ్యాస్ లీకైనా పసిగట్టలేరు. రుచి తెలియడం లేదన్న మాటను నోటి చపలత్వంగా కొట్టిపారేయకండి.