అలంకృత ఖతి: రూపమూ సంకేతమూ – ‘శ్రీకృష్ణదేవరాయ’ ఆధారంగా ఒక పరిశీలన

కీలకపదాలు: ఖతి, యూనికోడ్, తలకట్టు, వత్తు, ముఖపత్రం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో మార్గం వెంట కోచింగ్ కేంద్రాల బోర్డులు, ఫ్లెక్సీలు, వాటి నడుమ డీటీపీ, జిరాక్స్ దుకాణాలు కనిపిస్తాయి. శుభలేఖ, సదస్సు ఆహ్వానం, సన్మానపత్రం, సిద్ధాంతగ్రంథపు ముఖపత్రం రూపుదిద్దుకొనేది ఇటువంటి చోట్లనే. వీటికి వంపుసొంపుల అక్షరాలను అందం దృష్టితోనే ఎంచుకోవడం పరిపాటి. ఆ అక్షరం వెనుక ఏ సంకేతం ఉన్నదన్న ప్రశ్న పరిశోధకునికి అంతకన్నా ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

తాటాకుపై గంటం గీసే గీత దాదాపు ఒకే మందంలో సాగుతుంది. సన్నని, లావైన గీతల కలయిక కలం, కుంచెల గుణం. కనుక తెలుగులో అలంకృత ఖతిని రూపొందించేవారు లావు ఎక్కడ ఉండాలో తామే నిర్ణయించుకోవాలి. ‘ర’కు, ‘ఠ’కు భేదం ఒక్క చుక్క, ‘ద’కు, ‘ధ’కు భేదం అడుగున చిన్న గీత, ‘ప’, ‘వ’ల విషయంలో తలకట్టు అతికిందా, విడిగా ఉందా అన్నదే ఆనవాలు. గీత లావెక్కినకొద్దీ ఇవి పూడుకుపోతాయి. ‘రాష్ట్రం’ వంటి మాటలలో వత్తులు కిందికి దిగుతాయి కనుక పంక్తుల నడుమ ఎడమూ పెరగాలి. ఇటువంటి ఖతులు శీర్షికలకు నప్పి, గ్రంథం లోపలి పుటలకు నప్పకపోవడానికి కారణం ఇదే.

‘శ్రీకృష్ణదేవరాయ’ ఈ కోవలోనిది. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఈ ఖతిని సిలికానాంధ్ర స్వేచ్ఛా లైసెన్సుతో అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభిస్తుంది. రోమన్ లిపిలో దీని పేరు ‘క్రిష్ణ’ అని కాక ‘క్రుష్ణ’ అని ఉండడం ఋకారాన్ని తెలుగువారు పలికే తీరును పట్టిస్తుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లతోనూ ఖతులు వచ్చాయి!

అయితే దీని అసలు విలువ సొగసులో లేదు. అను వంటి పాత ఖతులు తెలుగు రూపాలను రోమన్ అక్షరాల సంకేతస్థానాలలో అమర్చాయి. ఆ పాఠాన్ని మరో ఖతిలోకి మారిస్తే అర్థంలేని రోమన్ గుర్తులు మిగులుతాయి. యూనికోడ్‌లో ‘స్త్రీ’ ఒక బొమ్మ కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. వత్తులను పేర్చడం ఖతిలోని నియమాల పని. ఖతి మారినా మాట చెక్కుచెదరదు.

పేజ్‌మేకర్ తెలుగు యూనికోడ్‌ను సరిగా పేర్చలేదు. దానిపై ఆధారపడినవారు అనును వదలలేకపోవడానికి అదే కారణం. వాట్సాప్‌లో యూనికోడ్‌గా వచ్చిన పాఠాన్ని వారు మార్పిడి చేస్తారు, లేదా మళ్లీ టైపు చేస్తారు. పొల్లు, వత్తు తప్పులు చొరబడేది అక్కడే. శుభలేఖకు ఆ నష్టం నాలుగు రోజులది. సిద్ధాంతగ్రంథపు శీర్షిక, పరిశోధకుని పేరు మాత్రం ఏళ్ల తరువాత కూడా వెతికితే దొరకాలి. పీడీఎఫ్ చేతికి రాగానే శీర్షికను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే విషయం తేలిపోతుంది. యూనికోడ్ పీడీఎఫ్‌లో సైతం వత్తుల వరుస ఒక్కొక్కప్పుడు తారుమారవుతుంది కనుక మూల ఫైలును కూడా అడిగి తీసుకోవాలి.